5,000 రూపాయల్లో ఇంటి వేడి తగ్గించుకోవాలంటే ముందు కప్పు, తరువాత పడమటి గోడ

మీరు విజయనగరంలో పడమర ముఖం గల ఒంటి అంతస్తు డాబా ఇంట్లో ఉంటున్నారు. రెండు గదులు, ఒక వంటగది, కప్పు సుమారు 500 చదరపు అడుగులు. పగలు ఎలాగో గడిచిపోతున్నా రాత్రి పదకొండు గంటలకు కూడా ఫ్యాను కింద వేడిగాలే దిగుతోందని, డెబ్బై దాటిన మీ అత్తగారికి నిద్ర పట్టడం లేదని రాశారు. చేతిలో ఉన్న 5,000 రూపాయలతో పాత కూలరు ఒకటి కొనాలా, లేక డాబా మీద ఏదైనా చేయించాలా అని అడిగారు. శ్రీకాకుళం జిల్లా తీరంలో సోంపేట దగ్గర సిమెంటు రేకుల ఇంట్లో ఉన్న మీ పుట్టింటివారికి ఏది పనికొస్తుందో కూడా చెప్పమన్నారు.

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఇళ్ల కట్టుబడి పనులు చాలాకాలంగా చేయిస్తున్న అనుభవంతో చెబుతున్నాను. కూలరు కొనకండి. ఆ డబ్బును ముందుగా కప్పు మీద, తరువాత పడమటి గోడ మీద, మిగిలితే ఫ్యాను మీద ఖర్చు పెట్టండి. వేడి ఇంట్లోకి వచ్చేశాక దాన్ని బయటికి తోలడానికి యంత్రం కావాలి, కరెంటు కావాలి, నెలనెలా బిల్లు కట్టాలి. ఎండ కప్పును తాకేటప్పుడే దాన్ని తిప్పికొట్టడానికి ఒక సున్నం బస్తా, ఒక కుంచె, రెండు సాయంకాలాల శ్రమ సరిపోతాయి.

కప్పుకే మొదటి స్థానం ఎందుకంటే, విజయనగరం, శ్రీకాకుళం పట్టణాలు రెండూ 18 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి కాస్త పైన ఉన్నాయి. సూర్యుడు మే రెండో వారం చివరిలో ఒకసారి, జూలై నెలాఖరులో మరొకసారి మిట్టమధ్యాహ్నం సరిగ్గా మన నడినెత్తి మీదికి వస్తాడు. అందువల్ల ఏప్రిల్, మే, జూన్ నెలల్లో దక్షిణపు గోడ మీద ఎండ పెద్దగా పడదు, అడుగున్నర సన్‌షేడు ఉంటే ఆ పడేది కూడా ఆగిపోతుంది. ఉత్తరపు గోడకు ఉదయం, సాయంత్రం ఏటవాలు ఎండ తప్ప మరేమీ లేదు. ఉదయపు ఎండంతా తూర్పు గోడకు, సాయంత్రపు ఎండంతా పడమటి గోడకు తగులుతుంది, కప్పుకు మాత్రం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా విరామం ఉండదు. నిర్మలమైన ఆకాశం ఉన్న రోజున మధ్యాహ్నం ఒక చదరపు మీటరు కప్పు మీద పడే ఎండ సుమారు 1,000 వాట్లు ఉంటుంది. మీ కప్పు దాదాపు 46 చదరపు మీటర్లు. వానలకు నల్లబడిన సిమెంటు గచ్చు అందులో మూడింట రెండు వంతులను తాగేస్తుంది.

తాగిన వేడిని కాంక్రీటు వెంటనే లోపలికి వదలదు. నాలుగైదు అంగుళాల శ్లాబు గుండా ఆ వేడి కింది ముఖానికి చేరడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. మధ్యాహ్నం ఒంటిగంట ఎండ మీ గదిలోకి సాయంత్రం ఐదింటికి దిగడం మొదలుపెట్టి, అర్ధరాత్రి దాకా దిగుతూనే ఉంటుంది. తొమ్మిదంగుళాల ఇటుక గోడకైతే ఇంకా ఎక్కువ సమయం పడుతుంది కాబట్టి, సాయంత్రం నాలుగింటికి పడమటి గోడ తాగిన ఎండ సరిగ్గా మీరు పడుకునే వేళకు లోపలికి వస్తుంది. మీ ఫ్యాను చెడ్డది కాదు. కప్పుకు ఆనుకుని నిలిచిన వేడిగాలిని అది కిందికి నెడుతోంది, అంతే.

ఈ మాటను మీరే పరీక్షించుకోవచ్చు. రాత్రి తొమ్మిదింటికి ఒక స్టూలు ఎక్కి ఫ్యానుకు దూరంగా అరచేతిని శ్లాబు అడుగున ఆనించండి, తరువాత అదే చేతిని పడమటి గోడకు, ఉత్తరపు గోడకు, చివరికి నేలకు ఆనించండి. నేల చల్లగా, ఉత్తరపు గోడ గోరువెచ్చగా, పడమటి గోడ వెచ్చగా, కప్పు చెయ్యి ఎక్కువసేపు ఉంచబుద్ధి కానంత వేడిగా ఉంటాయి. డబ్బు ఏ వరుసలో ఖర్చు పెట్టాలో ఆ నాలుగు స్పర్శలు చెబుతాయి. ఇంటి యజమాని ఏ ఊరివారైనా నేను ముందు ఈ పరీక్షే చేయిస్తాను, ఎందుకంటే ఒక్కోసారి పక్కింటి గోడ నీడ వల్ల పడమటి గోడ చల్లగా ఉండి, తూర్పు వంటగదే అసలు సమస్య అని తేలుతుంది.

ఇక సున్నం సంగతి. కొత్తగా వేసిన తెల్లని వెల్ల, పడిన ఎండలో సుమారు నాలుగింట మూడు వంతులను తిరిగి ఆకాశంలోకే పంపేస్తుంది. నెల్లిమర్ల వైపు ఒక ఇంట్లో ఒక సాయంత్రం సగం డాబాకే సున్నం చాలింది, మిగతా సగం మరో రెండు రోజులకు గానీ పూయలేకపోయారు. మధ్యలో ఒక రోజు మధ్యాహ్నం రెండింటికి ఆ డాబా ఎక్కితే తెల్ల సగం మీద ఉత్త కాళ్లతో నిలబడి మాట్లాడుకోగలిగాం, గచ్చు సగం మీద రెండో అడుగు వేయలేకపోయాం. ఆ ఇంటి పెద్దావిడ వడియాల చాప తీసుకెళ్లి నల్ల సగం మీద పరిచారు, తెల్లటి చోట వడియాలు ఎండడానికి ఎక్కువ సమయం పడుతోందని ఆమె ఒక్క పూటలోనే గుర్తించారు.

పెద్ద నగరాలు కూడా ఈ దారికే వచ్చాయి. 2010 మే నెల వడగాడ్పుల్లో ఎంతోమందిని పోగొట్టుకున్న అహ్మదాబాద్, 2013లో వేడిని ఎదుర్కొనే ప్రణాళిక తయారు చేసుకుని, ఆ తరువాత పేదల ఇళ్ల కప్పులకు తెల్ల పూత వేయించే పని చేపట్టింది. అక్కడ చెప్పే లెక్క ప్రకారం తెల్ల కప్పు కింద గది ఉష్ణోగ్రత 2 నుంచి 5 డిగ్రీల దాకా తగ్గుతుంది. పొరుగున తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల కోసం ఒక విధానమే ప్రకటించింది. గాలి ఉష్ణోగ్రత రెండు డిగ్రీలే తగ్గినా శరీరానికి కలిగే ఉపశమనం అంతకన్నా ఎక్కువగా ఉంటుంది. మంచం మీద పడుకున్న మనిషికి గాలి నుంచే కాక, పైనున్న శ్లాబు నుంచి నేరుగా సెగ తగులుతుంది, ఆ సెగ తగ్గిందన్న సంగతి గాలి కొలిచే థర్మామీటరులో కనిపించదు.

సున్నం వేసే పద్ధతి గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే పని చెడేది ఇక్కడే. 500 చదరపు అడుగుల కప్పుకు 25 కిలోల బస్తా ఒకటి మూడు పలుచని పూతలకు సరిపోతుంది. ముందే చల్లార్చి పొడి చేసిన సున్నం దొరికితే అదే తీసుకోండి. ముడి సున్నమే దొరికితే ఇనుప డ్రమ్ములో నీళ్లు పోసుకుని సున్నాన్ని కొద్దికొద్దిగా వేయాలి, అది కుతకుత ఉడుకుతుంది కాబట్టి పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి, ప్లాస్టిక్ బకెట్టు వాడకండి. రాత్రంతా నాననిచ్చి, మర్నాడు పాత పంచెతో వడకట్టి, మజ్జిగ కన్నా కొంచెం చిక్కగా ఉండేలా నీళ్లు కలుపుకోవాలి. బస్తాకు కిలో నుంచి కిలోన్నర ఫెవికాల్ వంటి తెల్ల జిగురును వేడినీళ్లలో కరిగించి ఇందులో కలిపితే వెల్ల చేతికి అంటదు, తొలి జల్లుకే కొట్టుకుపోదు. పూర్వం ఇందుకు తుమ్మ జిగురు వాడేవారు, అది దొరికినా మంచిదే.

పూతకు ముందు డాబాను గట్టి చీపురుతో రుద్ది, నాచు గీకి, కడగండి. బీటలు ఉంటే సిమెంటుతో పూడ్చి రెండు రోజులు ఆగండి, బీట మీద వేసిన వెల్ల బీటను దాస్తుందే తప్ప వాన నీటిని ఆపదు. సాయంత్రం నాలుగున్నర దాటాక, గచ్చు మీద నీళ్లు చిలకరించి, తడి ఆరీ ఆరకుండా ఉండగా మొదటి పూత వేయండి. ఎండలో కాలుతున్న గచ్చు మీద వేస్తే నీరు క్షణాల్లో ఇగిరిపోయి సున్నం పొడిలా రాలిపోతుంది. సున్నం గట్టిపడేది తడి వల్ల, గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లగా పీల్చుకోవడం వల్ల. అందుకే ఒకే మందపాటి పూత కన్నా, రోజు విడిచి రోజు ఒక్కొక్కటిగా, ఒకటి అడ్డంగా మరొకటి నిలువుగా వేసిన మూడు పలుచని పూతలు మేలు. కళ్లకు అద్దాలు, చేతులకు తొడుగులు తప్పనిసరి. సున్నం కంట్లో పడితే నలపకుండా ధారగా నీళ్లు పోసి కడిగి వెంటనే వైద్యుడికి చూపించాలి. నీళ్ల ట్యాంకు మూత బిగించి ఉందో లేదో ముందే చూసుకోండి, ట్యాంకు నల్లదైతే దాని మీద కూడా రెండు పూతలు వేయండి, సాయంత్రం స్నానానికి కుళాయిలో వేడినీళ్లు రావడం తగ్గుతుంది.

సున్నం, జిగురు, కుంచె అన్నీ కలిపి మీకు 1,000 నుంచి 1,500 రూపాయలకు మించవు, పని ఇంట్లోవారే చేసుకుంటే. ఈ పూత వర్షాకాలం దాటేసరికి పలుచబడుతుంది, ఏటా ఫాల్గుణ మాసంలో మళ్లీ వేసుకోవాలి. తెల్ల సిమెంటులో జిగురు కలిపి వేస్తే రెండు మూడేళ్లు నిలుస్తుంది, కంపెనీల చల్లని కప్పు రంగులు ఇంకా ఎక్కువ కాలం నిలుస్తాయి, నీటి చెమ్మను కూడా ఆపుతాయి, కానీ అవి మీ 5,000లో ఇమడవు. మీ ఊళ్లో టైల్స్ దుకాణాల వెనుక పారేసిన తెల్ల ముక్కలు దొరికితే, ఎప్పుడైనా డాబాకు కొత్త గచ్చు వేయించేటప్పుడు వాటిని పరిపించండి, దాని జీవితకాలం చాలా ఎక్కువ. ఏ పూత వేసినా దుమ్ము పట్టితే దాని తెలుపు, దానితో పాటు దాని గుణం తగ్గుతాయి కాబట్టి వేసవిలో వారానికొకసారి ఊడవండి.

డాబా మీద నీళ్లు నిలగట్టమని చాలామంది సలహా ఇస్తారు. నేను ఇవ్వను. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు ముప్పావు యూనిట్ కరెంటుకు కొంచెం తక్కువైనంత వేడిని లాక్కుంటుంది, ఆ లెక్క నిజమే. కానీ మే నెలలో నీళ్లు ఎక్కడివి? పైగా సముద్రానికి ఇంత దగ్గరలో పాత శ్లాబుల్లోని ఇనుము ఇప్పటికే తుప్పు పడుతుంటే, దాని మీద రోజుల తరబడి నీరు నిలబెట్టడం కప్పు ఆయుష్షును తగ్గించడమే. నీటికి కరువు లేని ఇల్లయితే సాయంత్రం ఎండ దిగాక రెండు బకెట్లు చిలకరించండి, అది చాలు. ఇక కప్పుకు కింద థర్మోకోల్ అంటించే పని అసలు పెట్టుకోకండి, నిప్పు అంటుకుంటే అది కరిగి కారుతూ విషపు పొగ చిమ్ముతుంది.

పడమటి గోడకు నీడ గోడ బయట ఉండాలి. కిటికీకి లోపల ఎంత మందపు తెర కట్టినా, ఎండ అప్పటికే అద్దం దాటి లోపలికి వచ్చేసి ఉంటుంది. సన్‌షేడు నుంచి ముందుకు నాలుగు బొంగులు పాతి, 75 శాతం నీడనిచ్చే వలను ఏటవాలుగా కట్టండి. గోడకూ వలకూ మధ్య కనీసం అడుగు ఖాళీ ఉంచితే ఆ సందులో వేడెక్కిన గాలి పైకి పోతూ ఉంటుంది. పాత ఫ్లెక్సీలు ఉచితంగా వస్తాయి గానీ అవి గాలిని పూర్తిగా ఆపేస్తాయి, ఈదురుగాలికి తెరచాపలా ఉబ్బి బొంగుల్ని కూడా పెకలిస్తాయి. వల, బొంగులు, నైలాన్ తాడు కలిపి మీ వీధివైపు గోడకు సుమారు 1,200 నుంచి 1,500 అవుతుంది. తాటికమ్మల చలవ పందిరి వేసుకోగలిగితే దాని నీడ వల కన్నా చల్లగా ఉంటుంది, అయితే పొయ్యికి, కరెంటు సర్వీసు వైరుకు దూరంగా ఉండాలి, వేసవిలో మన పల్లెల్లో కమ్మల ఇళ్లు ఎలా కాలిపోతాయో మీకు తెలిసినదే. వచ్చే ఏడాదికి మాత్రం జనవరిలోనే ఆ గోడ వారగా ఆనప, బీర, పొట్ల విత్తనాలు పెట్టి పందిరికి పాకించండి. బియ్యం కడిగిన నీళ్లు, గిన్నెలు తొలిచిన నీళ్లు పోస్తే చాలు, ఏప్రిల్ నాటికి గోడకు పచ్చని నీడ, వంటకు కూర దొరుకుతాయి.

కిటికీలు ఎప్పుడు తెరవాలన్నది మన ప్రాంతంలో గాలిని బట్టి నిర్ణయించుకోవలసిన విషయం. మనకు సముద్రం ఆగ్నేయ దిక్కున ఉంది. మామూలు వేసవి రోజుల్లో పొద్దెక్కాక సముద్రపు గాలి మొదలవుతుంది, అప్పుడు ఎండ తగ్గకపోయినా చెమట ఆరుతుంది. దక్షిణం, తూర్పు కిటికీలు తెరిచి, గాలి బయటికి పోవడానికి ఉత్తరంవైపు ఒక దారి ఉంచండి. కానీ రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న రోజుల్లో పడమటి నుంచి పొడిగాలి బలంగా వీచి సముద్రపు గాలిని తీరం దగ్గరే ఆపేస్తుంది, ఆ రోజు సముద్రానికి దూరంగా ఉన్న బొబ్బిలి, రాజాం మాత్రమే కాదు, విజయనగరం కూడా సెగలు కక్కుతుంది. అటువంటి రోజున ఉదయం తొమ్మిదింటికే తలుపులు, కిటికీలు మూసేసి, రాత్రి బయటి గాలి చల్లబడ్డాక అన్నీ తెరవాలి. కప్పుకు దగ్గరగా ఉన్న వెంటిలేటర్లకు అట్టముక్కలు అడ్డం పెట్టి ఉంటే తీసేయండి, వేడిగాలి పైనే చేరుతుంది కాబట్టి అది పోయే దారి అదే. దోమల జాలీకి దుమ్ము పట్టి ఉంటే సగం గాలి అక్కడే ఆగిపోతుంది, ఒకసారి విప్పి కడగండి. రాత్రి తొమ్మిది దాటాక ఒక టేబుల్ ఫ్యానును పడమటి కిటికీలో బయటికి ముఖం పెట్టి తిప్పితే, తూర్పు కిటికీ నుంచి చల్లగాలి దానంతట అదే లోపలికి వస్తుంది.

కూలరు వద్దని చెప్పడానికి కారణం కూడా ఈ గాలే. కూలరు గాలిని చల్లబరిచేది నీటిని ఆవిరి చేయడం ద్వారా, గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే నీరు ఆవిరి కాదు. బయట 40 డిగ్రీలు ఉండి గాలిలో తేమ 30 శాతం ఉంటే ఒక మంచి కూలరు నుంచి సుమారు 30 డిగ్రీల గాలి వస్తుంది. బయట 35 డిగ్రీలే ఉన్నా తేమ 65 శాతం ఉంటే అదే కూలరు నుంచి 31 డిగ్రీల గాలి వస్తుంది, అదీ తడితో బరువెక్కి. మూసిన గదిలో ఆ తేమ గంటలో నిండిపోయి, ఒంటి మీద చెమట ఆరక, కూలరు లేనప్పటి కన్నా ఎక్కువ ఉక్కపోస్తుంది. వాతావరణ శాఖ వడగాడ్పును లెక్కించేటప్పుడు మైదానాల్లో 40 డిగ్రీలను ప్రాతిపదికగా తీసుకుని, తీర ప్రాంతాలకు 37 డిగ్రీలనే తీసుకుంటుంది. తేమ ఉన్న చోట తక్కువ వేడి కూడా ప్రమాదకరమే.

నా మాట మీద ఆధారపడకుండా మీరే తేల్చుకోవాలంటే, వంద రెండు వందల రూపాయల గది థర్మామీటరు ఒకటి కొని మధ్యాహ్నం మూడింటికి అంకె చూడండి. తరువాత దాని అడుగు బల్బుకు తడి నూలుగుడ్డ చుట్టి ఫ్యాను ముందు పది నిమిషాలు ఉంచి మళ్లీ చూడండి. రెండు అంకెల మధ్య తేడా పది డిగ్రీలు దాటితే ఆ రోజు కూలరు పనిచేస్తుంది, ఐదారు డిగ్రీలకు మించకపోతే పనిచేయదు. మీ ఇంట్లో చాలా రోజులు రెండో లెక్కే వస్తుంది, సోంపేటలో ఇంకా ఎక్కువగా. బొబ్బిలి, సాలూరు వైపు ఉన్నవారు ఈ పరీక్ష చేస్తే వారికి కూలరు కొనడం సబబే అని తేలవచ్చు, అక్కడ కూడా కిటికీ తెరిచి, కూలరు గాలి బయటికి పోయే దారి ఉంచాలి. మీకు తేడా ఎక్కువగా చూపించే ఆ కొద్ది పడమటి గాలి రోజుల కోసం కూలరు ఎందుకు? మన గోగునార గోనె సంచులు విప్పి కుట్టి, పడమటి కిటికీకి బయట వేలాడదీసి నీళ్లు చిలకరిస్తే అదే పని జరుగుతుంది.

సున్నం, వల పోగా మీ చేతిలో రెండు వేల పైచిలుకు మిగులుతుంది. ఫ్యాను ముందుకన్నా నెమ్మదిగా తిరుగుతోందని అనిపిస్తే, కొత్తది కొనేముందు రెక్కల దుమ్ము తుడిచి, ఎలక్ట్రీషియన్ చేత కండెన్సర్ మార్పించండి, దాని ధర వంద రూపాయలకు అటూ ఇటూగా ఉంటుంది, చాలా ఫ్యాన్లు దానితోనే వేగం అందుకుంటాయి. రెక్కలు కప్పుకు కనీసం అడుగు కిందికి ఉండాలి, లేకపోతే ఫ్యానుకు పీల్చుకోవడానికి గాలి అందదు. ఇంకొన్ని వందలు కలపగలిగితే మీ అత్తగారు పడుకునే గదికి తక్కువ కరెంటుతో తిరిగే మోటారు ఉన్న బీఎల్‌డీసీ ఫ్యాను పెట్టండి. మామూలు ఫ్యాను 75 వాట్లు తీసుకునే చోట అది 30 వాట్లకు కాస్త అటూ ఇటూగా తీసుకుంటుంది, రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు 16 యూనిట్లు మిగులుతాయి. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర కూడా పెరిగే బిల్లులో ఆ 16 యూనిట్లు పైమెట్టు మీదివే అవుతాయి.

వంటగది గురించి ఎవరూ అడగరు గానీ, అక్కడ పుట్టే వేడి తక్కువది కాదు. 14.2 కిలోల గ్యాస్ సిలిండరు మీకు నెల రోజులు వస్తుందనుకుంటే, రోజుకు సుమారు ఆరు యూనిట్ల వేడి ఆ చిన్న గదిలో విడుదలవుతోంది. వెయ్యి వాట్ల హీటరు ఒకటి ఇంట్లో ఆరు గంటలు వెలిగించి ఉంచినట్టు. వంట ఉదయం ఎనిమిది లోపు ముగించండి, పప్పు, దుంపలు కుక్కరులో ఉడికించండి, వంటగదికీ గదులకూ మధ్య తలుపు మూసి పెరటి తలుపు తెరిచి ఉంచండి. పూర్వం మన ఇళ్లలో వేసవి ఉదయాలు తరవాణితో (పులిసిన గంజి), చోడి (రాగి) అంబలితో గడిచేవి. అవి ఒంటికి చలవ చేయడం ఒక ఎత్తయితే, ఆ పూట పొయ్యి వెలిగించనక్కర లేకపోవడం మరో ఎత్తు.

సోంపేట రేకుల ఇంటికి వస్తే, అక్కడ లెక్క మారుతుంది. రేకు పలుచన కాబట్టి వేడిని నిలవ చేయదు, ఎండ పడిన కొద్ది నిమిషాల్లోనే కింద కూర్చున్నవారికి సెగ తగులుతుంది, పొద్దుగూకాక అంతే త్వరగా చల్లబడుతుంది. వారి బాధ పగలే, కాబట్టి అక్కడ కూడా పైన తెల్ల పూత మొదటి పని. అయితే పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, దాని దుమ్ము ఊపిరితిత్తులకు కీడు చేస్తుంది. కాబట్టి ఆ రేకుల్ని పొడిగా ఉన్నప్పుడు రుద్దకూడదు, గరుకు కాగితం పెట్టకూడదు, కొత్తగా రంధ్రాలు చేయకూడదు. వానకు కడిగిన తరువాతో, నీళ్లతో బాగా తడిపిన తరువాతో మెత్తని కుంచెతో పూత వేయాలి. రేకు మీద కాలు నేరుగా పెట్టి ఎక్కితే విరుగుతుంది, దూలం నుంచి దూలానికి పలక వేసుకుని దాని మీద కూర్చుని పూయాలి, కింద ఒక మనిషి తోడు ఉండాలి.

రెండో పని, రేకులకు అడుగు కిందుగా వెదురు తడికల అటక కట్టడం. మేదరివారు అల్లిచ్చే తడికలు గది కొలతకు తీసుకుని, రేకుకూ తడికకూ మధ్య ఆ అడుగు ఖాళీ వదిలి, రెండు చివరలా గాలి ఆడే సందులు ఉంచాలి. రేకు సెగ తడిక మీదే ఆగిపోతుంది, మధ్యలోని వేడిగాలి సందుల్లోంచి పోతుంది. సందులు మూసేస్తే సగం ప్రయోజనం పోతుంది. ఆ వైపు 2018 అక్టోబరు తిత్లీ తుపానుకు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు కూలిపోయి చాలా ఇళ్లకు నీడే లేకుండా పోయింది. మళ్లీ చెట్లు వేసేవారు ఇంటికి పడమర దిక్కున, కనీసం పదిహేను ఇరవై అడుగుల దూరంలో వేప, కానుగ వేయండి, మునగ త్వరగా ఎదుగుతుంది గానీ గాలికి విరుగుతుంది, దాన్ని ఇంటి మీదికి ఒరిగేంత దగ్గరగా పెట్టవద్దు.

మీ అత్తగారి విషయంలో ఒక్క మాట గట్టిగా చెప్పాలి. 2015 మే నెలలో మన రాష్ట్రంలో వడదెబ్బకు వెయ్యిమందికి పైగా చనిపోయారు. వయసు మీరినవారికి దాహం సరిగా తెలియదు, చెమట కూడా తక్కువ పడుతుంది. గదిలో 40 డిగ్రీలకు దగ్గరైతే ఫ్యాను ఒక్కటే వారిని కాపాడదు, వేడిగాలి ఒంటిని ఇంకా వేడెక్కిస్తుంది. అటువంటప్పుడు చేతులు, మెడ, పాదాలు తడిగుడ్డతో తుడుస్తూ ఫ్యాను వేయాలి. స్పంజు పరుపు మీద కాకుండా నులక మంచం మీద పలుచని దుప్పటి పరచి పడుకోబెట్టండి, కింది నుంచి గాలి ఆడుతుంది. మాట తడబడడం, అయోమయంగా చూడడం, ఒళ్లు కాలిపోవడం కనిపిస్తే ఉదయం దాకా ఆగకుండా 108కి ఫోన్ చేసి, వాహనం వచ్చేలోపు ఒళ్లంతా తడిపి విసరండి. స్పృహ సరిగా లేనప్పుడు నోట్లో నీళ్లు పోయకండి. మీ పుట్టింట్లో ఎవరికైనా ఉద్దానం వైపు చాలామందిని పీడిస్తున్న కిడ్నీ జబ్బు ఉంటే, వేసవిలో రోజుకు ఎన్ని నీళ్లు తాగాలో, ఓఆర్ఎస్ తాగవచ్చో లేదో వారి వైద్యుణ్ణే అడగాలి, అందరికీ చెప్పే లెక్క వారికి వర్తించదు.

ఈ వారంలోనే సున్నం నానబెట్టండి. వెల్ల ఆరిన రెండో రోజు రాత్రి తొమ్మిదింటికి మళ్లీ అదే స్టూలు ఎక్కి చూసుకుని, కప్పు చల్లబడి పడమటి గోడ ఇంకా కాలుతుంటే వల కట్టండి, గోడ కూడా ఫర్వాలేదనిపిస్తే ఆ డబ్బు ఫ్యానుకు మళ్లించండి. వలను జారుముడితో కట్టుకోండి, వేసవి సాయంత్రాల్లో ఈదురుగాలి లేచిందంటే క్షణాల్లో విప్పగలగాలి. సెప్టెంబరు చివరికల్లా మాత్రం వల, బొంగులు పూర్తిగా దించి లోపల పెట్టుకోండి, ఆ తరువాత వచ్చే తుపాను గాలుల్లో అవి పక్కింటి రేకుల మీద పడితే నష్టం మీ ఒక్కరిదే కాదు.